స్ట్రైకర్ పొడుగోడా, ఫాస్ట్‌గా ఉండేవాడా అని అడిగే ముందు బాల్ ఎటునుంచి వస్తుందో చూడు తమ్ముడు

నువ్వడిగింది ఇదీ. మీ కాలేజీ టీమ్ 4-3-3 (నలుగురు డిఫెండర్లు, ముగ్గురు మిడ్‌ఫీల్డర్లు, ముగ్గురు ఫార్వర్డ్‌లు) ఆడుతుంది, బాల్ ఎక్కువసేపు మీ దగ్గరే ఉంటుంది కానీ గోల్స్ రావట్లేదు, ముందు పెట్టడానికి ఇద్దరున్నారు, ఒకడు ఆరడుగుల పైనే, బలంగా ఉంటాడు కానీ స్లో, ఇంకొకడు పొట్టి, మంచి స్పీడ్, కాకపోతే డిఫెండర్ మీద పడితే బాల్ పోగొట్టుకుంటాడు, పైగా మీ సీనియర్ ఒకాయన ఇద్దరూ వద్దు ఫాల్స్ నైన్ (ముందు నిలబడకుండా మిడ్‌ఫీల్డ్‌లోకి దిగిపోయి ఆడే స్ట్రైకర్) ఆడండి అన్నాడు. ఈ మూడిట్లో ఏది కరెక్ట్ అని. నేను హైదరాబాద్‌లో చాలా ఏళ్ళుగా కుర్రాళ్ళకి కోచింగ్ ఇస్తున్నా, అంతకుముందు సెంటర్ బ్యాక్‌గా, అంటే డిఫెన్స్ మధ్యలో ఆడేవాణ్ణి, కాబట్టి స్ట్రైకర్ల చేతిలో తిప్పలు పడ్డవాడు చెప్తున్నాడు అనుకుని చదువు.

పొడుగా పొట్టా అన్నది చివర్లో తేల్చుకునే సంగతి. మొదట చూడాల్సింది నీ టీమ్ బాల్‌ని పెనాల్టీ బాక్స్ దాకా ఎలా తీసుకెళ్తోంది, ఎటునుంచి లోపలికి వేస్తోంది, వేసేటప్పటికి స్ట్రైకర్ కాకుండా ఇంకా ఎవరెవరు లోపలికి వస్తున్నారు. ఇది చూడకుండా స్ట్రైకర్‌ని మారుస్తూ పోతే ఈ సీజన్ వీడు పనికిరాడంటారు, వచ్చే సీజన్ వాడు పనికిరాడంటారు, అంతే. వడ్డించేవాడు మనవాడైతే కడపంక్తిలో కూర్చున్నా పర్లేదంటారు కదా, ఫుట్‌బాల్‌లో వడ్డించేవాడు సరిగ్గా లేకపోతే మొదటి పంక్తిలో కూర్చున్నా విస్తరి ఖాళీయే.

బెల్జియం స్ట్రైకర్ లుకాకుని చూడు. 2020-21లో ఇంటర్ మిలాన్ ఆంటోనియో కోంటే కోచింగ్‌లో ఇటలీ లీగ్ గెలిచింది, లుకాకు లీగ్‌లో 24 గోల్స్ కొట్టాడు. ఆ టీమ్ 3-5-2, పక్కనే లౌతారో మార్టినెజ్ ఉండేవాడు, అతనివి 17. వాళ్ళు అవతలి టీమ్‌ని కొంచెం ముందుకి రానిచ్చేవాళ్ళు, బాల్ దొరకగానే నేరుగా లుకాకు కాళ్ళకి వేసేవాళ్ళు, అతను డిఫెండర్‌ని వీపు మీద ఆపి తిరిగి ఖాళీ మైదానంలోకి పరిగెత్తేవాడు, లౌతారో పక్కన పరిగెత్తేవాడు. 2021 ఆగస్టులో చెల్సీ 97.5 మిలియన్ పౌండ్లు పోసి కొనుక్కుంది. చెల్సీ అప్పుడు యూరప్ చాంపియన్, కానీ వాళ్ళ ఆట వేరు, బాల్ వాళ్ళ దగ్గరే తిరుగుతుంటే అవతలి పదిమంది బాక్స్ ముందు గోడ కట్టి నిలబడతారు, లుకాకుకి పరిగెత్తడానికి చోటే లేదు, కాళ్ళకి వేసే పాసులు కూడా రాలేదు. లీగ్‌లో 8 గోల్స్. 2022 ఫిబ్రవరిలో క్రిస్టల్ ప్యాలెస్ మీద 90 నిమిషాలూ ఆడి బాల్ ముట్టుకున్నది 7 సార్లు, అందులో ఒకటి కిక్-ఆఫ్. క్లబ్‌లో సంతోషంగా లేనని ఇచ్చిన ఇంటర్వ్యూ గొడవ, గాయాలు కూడా ఉన్నాయిలే, కాదనను. కానీ మనిషి అదే మనిషి, అవే కాళ్ళు, ఏడాది తిరక్కుండా అంత తేడా. మళ్ళీ ఇంటర్‌కే లోన్ మీద వెళ్ళాడు.

ఇంకోటి, ఇది చాలామంది పట్టించుకోరు. స్ట్రైకర్ అగ్వేరో వెళ్ళిపోయాక 2021-22లో మాంచెస్టర్ సిటీ అసలు సిసలు నంబర్ నైన్ (మధ్యలో ఆడే మెయిన్ స్ట్రైకర్) లేకుండానే ఆడి లీగ్ గెలిచింది, 99 గోల్స్ కొట్టింది, టీమ్‌లో లీగ్ టాప్ స్కోరర్ డి బ్రూయినే, అది కూడా 15 గోల్సే. ఆ తర్వాతి ఏడు హాలండ్ వచ్చాడు, ఒక్కడే 36 కొట్టి ప్రీమియర్ లీగ్ రికార్డు పెట్టాడు. మరి టీమ్ మొత్తం? 94. అంటే 36 గోల్స్ కొట్టేవాడు వచ్చాక టీమ్ గోల్స్ ఐదు తగ్గాయి! గోల్స్ ఎక్కడినుంచో ఊడిపడవు, ఒకడు ఎక్కువ కొడితే ఆ అవకాశాలు అంతకుముందు ఇంకొకరికి పోయేవి అన్నమాట. అలాగని హాలండ్ దండగ అనట్లేదు, ఆ ఏడే లీగ్, ఎఫ్ఏ కప్, చాంపియన్స్ లీగ్ మూడూ వచ్చాయి, ఆట బిగుసుకుపోయిన మ్యాచ్‌లో ఒక్క అవకాశాన్ని గోల్ చేసేవాడు ఉండటం వేరే లెవెల్. కానీ చాంపియన్స్ లీగ్ ఫైనల్ గోల్ గుర్తు తెచ్చుకో. బెర్నార్డో సిల్వా గోల్ లైన్ దగ్గర్నుంచి వెనక్కి కోసిన (వెనక నుంచి వచ్చేవాళ్ళ కోసం వెనక్కి వేసిన) బాల్ డిఫెండర్‌కి తగిలి వస్తే, వెనకనుంచి వచ్చి కొట్టింది రోడ్రి, మిడ్‌ఫీల్డర్. ఇంటర్ డిఫెండర్ల చూపంతా బాక్స్ మధ్యలో హాలండ్ మీద, వాళ్ళ ముందు ఆ చోటు ఖాళీ. నీ ప్రశ్నకి సగం సమాధానం ఆ ఒక్క గోల్‌లో ఉంది, మళ్ళీ దాని దగ్గరికే వస్తా.

స్పీడ్ స్ట్రైకర్ సంగతి. మన కుర్రాళ్ళకి స్పీడంటే పిచ్చి, కోచ్‌లకి కూడా. స్పీడ్ పనికొచ్చేది డిఫెండర్ల వెనక ఖాళీ ఉంటేనే. 2015-16 లెస్టర్ సిటీలో వార్డీ 24 లీగ్ గోల్స్, వరసగా 11 లీగ్ మ్యాచ్‌ల్లో గోల్ కొట్టాడు. ఆ టీమ్ బాల్ తమ దగ్గర పెట్టుకునే టీమే కాదు, వెనక్కి తగ్గి కూర్చునేది, అవతలివాళ్ళు పైకొచ్చాక మిడ్‌ఫీల్డర్ ఎంగోలో కాంటే బాల్ లాక్కుంటే డ్రింక్‌వాటరో మాహ్రెజో వెంటనే వెనక ఖాళీలోకి వేసేవాళ్ళు, వార్డీ పరుగో పరుగు. పక్కన ఒకాజాకి ఉండేవాడు, గోల్స్ తక్కువే గానీ అతను పరిగెత్తని చోటు లేదు, వార్డీకి ఆ స్వేచ్ఛ దొరికింది అతని వల్లే. ఇప్పుడు నీ టీమ్ గురించి నువ్వే రాశావు, బాల్ మీ దగ్గరే ఉంటుందని. అంటే అవతలివాళ్ళు వెనక్కి తగ్గి ఉన్నారు, వాళ్ళ లాస్ట్ డిఫెండర్‌కీ గోల్‌కీపర్‌కీ మధ్య పదిహేను గజాలు కూడా ఉండదు. అందులోకి మీ పొట్టి అబ్బాయి ఎంత పరిగెత్తినా గోల్‌కీపర్ చేతుల్లోకే పరిగెడతాడు.

సరే, ఫాల్స్ నైన్. ఇది కొత్త ఫ్యాషన్ ఏం కాదు, 1953 నవంబర్‌లో వెంబ్లీలో హంగేరీ ఇంగ్లండ్‌ని 6-3తో కొట్టినప్పుడు హిడెగ్‌కుటి సెంటర్ ఫార్వర్డ్ నంబర్ వేసుకుని మిడ్‌ఫీల్డ్‌లోకి దిగిపోయి ఆడి మూడు గోల్స్ వేశాడు, ఇంగ్లండ్ సెంటర్ హాఫ్‌కి అతని వెంట వెళ్ళాలో ఉన్నచోట ఉండాలో అర్థం కాలేదు. 2009 మే 2న బెర్నబ్యూలో బార్సిలోనా కోచ్ గార్డియోలా మెస్సీని మధ్యలో పెట్టి చేసిందీ అదే, రియల్ మాడ్రిడ్ మీద 6-2. అందరూ మెస్సీ గురించే చెప్తారు, కానీ ఆ రోజు అటొకడు ఇటొకడు ఎవరున్నారు? ఆన్రీ, ఎటో. మెస్సీ కిందకి దిగితే డిఫెండర్ వెంట రావాలా వద్దా అని తటపటాయిస్తాడు, ఆ చీలిక లోంచి దూరడానికి ఇద్దరు అసలైన స్ట్రైకర్లు వింగ్‌లో (మైదానం అంచుల వైపు) రెడీగా ఉన్నారు, ఆన్రీ కూడా రెండు కొట్టాడు. లివర్‌పూల్‌లో ఫిర్మినో కూడా అంతే, 2019-20లో లీగ్ గెలిచిన ఏడు అతనివి 9 గోల్సే, సలా 19, మానే 18. కాబట్టి ఫాల్స్ నైన్ ఆడమన్న మీ సీనియర్‌ని ఒక్కటే అడుగు, మన వింగర్లలో సలా ఎవరు, మానే ఎవరు అని. వింగర్లు లైన్ పట్టుకుని అక్కడే నిలబడే రకమైతే, ఫాల్స్ నైన్ పెట్టావంటే ముందు ఎవరూ లేనట్టే, డిఫెండర్లు హాయిగా నిలబడి చూస్తారు. ఇంకా మన గ్రౌండ్లు. ఎగుడుదిగుడు మట్టి గ్రౌండ్ మీద బాక్స్ ముందు ఇరుకులో మూడు నాలుగు ఒన్-టచ్ పాసులు ఆడటం అంటే, బాల్ ఎటు ఎగురుతుందో దేవుడికే తెలియాలి.

బలమైన పొడుగు స్ట్రైకర్ అనగానే జనం తలతో గోల్స్ కొట్టేవాడు అనుకుంటారు. సగమే నిజం. జిరూ 2018 వరల్డ్ కప్‌లో ఏడు మ్యాచ్‌లూ ఆడాడు, గోల్స్ సున్నా, గోల్ ఫ్రేమ్ మీదకి పెట్టిన షాట్ ఒక్కటీ లేదు, ఫ్రాన్స్ కప్పు కొట్టింది. 2018లో ఆస్ట్రేలియాతో మొదటి మ్యాచ్ జిరూని బెంచ్ మీద కూర్చోబెట్టి గ్రీజ్‌మాన్, ఎంబాపే, డెంబెలే ముగ్గురు చురుకైనవాళ్ళతో మొదలుపెట్టారు, 2-1 గెలిచారు గానీ చెమటలు పట్టాయి. తర్వాతి మ్యాచ్ నుంచి జిరూ మొదట్నుంచీ ఆడాడు. అతను చేసిందల్లా ఇద్దరు సెంటర్ బ్యాక్‌లని తన మీద పడేట్టు చేయడం, వచ్చిన బాల్‌ని ఒక్క టచ్‌తో గ్రీజ్‌మాన్‌కి తిప్పడం, ఎంబాపేకి దారి ఖాళీ చేయడం. వాళ్ళిద్దరూ తలా నాలుగు కొట్టారు.

మన రహీం సాబ్ 1962లోనే ఇది చేసి చూపించాడు, హైదరాబాద్ వాళ్ళకే చాలామందికి తెలీదు, అదే బాధ. సయ్యద్ అబ్దుల్ రహీం, మన హైదరాబాదీ, ఇండియా కోచ్. జకార్తా ఏషియన్ గేమ్స్, మొదటి మ్యాచ్‌లో సౌత్ కొరియా చేతిలో 2-0తో ఓడాం. తర్వాత థాయిలాండ్ మ్యాచ్‌లో మన స్టాపర్ (సెంటర్ బ్యాక్) జర్నైల్ సింగ్ తల పగిలింది, కుట్లు పడ్డాయి. ఇంకెవరైనా అయితే ఆ మనిషిని బయట కూర్చోబెడతారు. రహీం సాబ్ ఆ డిఫెండర్‌ని తీసుకెళ్ళి సెమీఫైనల్లో సెంటర్ ఫార్వర్డ్‌గా నిలబెట్టాడు. సౌత్ వియత్నాం మీద 3-2 గెలిచాం, జర్నైల్ గోల్ కొట్టాడు. ఫైనల్లో మళ్ళీ అదే సౌత్ కొరియా, 2-1 గెలిచాం, ఒకటి పీకే బెనర్జీ, ఒకటి జర్నైల్. పిచ్చి సాహసం అనిపిస్తుంది కానీ ఆలోచించు, చుట్టూ ఎవరున్నారు? కుడివైపు పీకే, లోపల చునీ గోస్వామి, ఎడమవైపు మన సికింద్రాబాద్ బలరాం. బాల్ ఆడగలిగేవాళ్ళు, గోల్ కొట్టగలిగేవాళ్ళు ముందే ఉన్నారు. లేనిదల్లా మధ్యలో డిఫెండర్లని తోసుకుని నిలబడే ఒక బలమైన మనిషి. లేనిదేంటో చూసి దాన్ని పెట్టాడు, అంతే. బెస్ట్ స్ట్రైకర్ ఎవరు అని వెతకలేదు.

ఇటీవలిది కావాలంటే 2021-22 హైదరాబాద్ ఎఫ్‌సీ. మనోలో మార్కెజ్ కోచ్, ముందు ఒగ్బెచె, 2002 వరల్డ్ కప్‌లో నైజీరియాకి కుర్రాడిగా ఆడినవాడు, హైదరాబాద్‌కి వచ్చేసరికి ముప్ఫై ఐదు దాటేశాడు. స్పీడ్ ఎక్కడిది ఇంక. 18 గోల్స్‌తో గోల్డెన్ బూట్. మ్యాచ్‌లు మళ్ళీ చూడు, పరిగెత్తేదంతా ఆకాష్ మిశ్రా, ఆశిష్ రాయ్, యాసిర్, కుర్రాళ్ళు, ఈయన బాక్స్‌లో నడుస్తుంటాడు, బాల్ వచ్చే క్షణానికి రెండు అడుగులు మాత్రం అందరికంటే ముందు వేస్తాడు. ఆ ఏడు గోవా ఫటోర్డాలో కేరళ మీద పెనాల్టీల్లో కప్పు గెలిచాం. కానీ ఇందులో ఒక చేదు నిజం కూడా ఉంది, ఐఎస్ఎల్‌లో (ఇండియన్ సూపర్ లీగ్) దాదాపు ప్రతి క్లబ్బూ నంబర్ నైన్ చోటు విదేశీ ఆటగాడికే ఇచ్చేస్తుంది, మన కుర్రాళ్ళని వింగ్‌కి తోసేస్తుంది. ఇండియా స్ట్రైకర్ సునీల్ ఛెత్రీ 2024 జూన్‌లో రిటైర్ అయ్యి, 2025 మార్చిలో నలభై ఏళ్ళ వయసులో మళ్ళీ ఇండియా జెర్సీ వేసుకోవాల్సి వచ్చిందంటే ఊరికే కాదు. మీ కాలేజీలో స్ట్రైకర్‌ని సరిగ్గా తయారుచేయడం చిన్న పనేం కాదు, అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నా.

ఇక మీ టీమ్. నా ఓటు పొడుగు అబ్బాయికి. కానీ మీరు ఊహించుకునే పనికి కాదు. వాడి నెత్తి మీదకి దూరం నుంచి బాల్ కొట్టడం మొదలుపెట్టారంటే నా మాట విననట్టే, ఎందుకంటే ఒకే చోటునుంచి కాలితో కొట్టేదాని కంటే తలతో కొట్టేది గోల్ అయ్యే అవకాశం బాగా తక్కువ, పైగా పక్కనుంచి గాల్లో వచ్చే క్రాస్‌లో గోల్‌కీపర్, డిఫెండర్ ఇద్దరూ బాల్‌కి ఎదురుగా ఉంటారు, మనవాడే అడ్డంగా తిరిగి కొట్టాలి. మీరు చేయాల్సింది మీ వింగరో ఫుల్‌బ్యాకో (డిఫెన్స్‌లో పక్కన ఆడేవాడు) గోల్ లైన్ దాకా వెళ్ళి వెనక్కి కోయడం. ఆ టైమ్‌కి పొడుగు అబ్బాయి దగ్గరి పోస్ట్ (బాల్ ఉన్న వైపు గోల్ స్తంభం) వైపు గట్టిగా పరిగెత్తాలి, బాల్ వాడికి రాకపోయినా సరే, వాడితోపాటు ఒకరిద్దరు డిఫెండర్లు వెళ్ళిపోతారు, పెనాల్టీ స్పాట్ దగ్గర ఖాళీ అవుతుంది, అక్కడికి మీ ముగ్గురు మిడ్‌ఫీల్డర్లలో ఒకడు వెనకనుంచి రావాలి. రోడ్రి గోల్ అన్నానే, అదే. ఇప్పుడు మీవాళ్ళలో ఆ వచ్చేవాడు ఎవరో చెప్పు చూద్దాం. లేడు కదా? బాల్ మీ దగ్గర ఉండి గోల్స్ రానిది స్ట్రైకర్ వల్ల కాదు, నూటికి తొంభై పాళ్ళు ఇదే. ఒక మ్యాచ్ మొత్తం ఎవరిచేతైనా ఫోన్‌లో పైనుంచి వీడియో తీయించి, బాల్ బాక్స్‌లోకి వెళ్ళిన ప్రతిసారీ ఆపి మీవాళ్ళు లోపల ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టు. ఒకరో ఇద్దరో కనిపిస్తారు. కనీసం ముగ్గురుండాలి, దగ్గరి పోస్ట్, దూరం పోస్ట్, స్పాట్ దగ్గర ఒకడు. అది సరిచేయకుండా హాలండ్‌ని తెచ్చి పెట్టినా మీకు గోల్స్ రావు.

ఫాస్ట్ అబ్బాయిని బెంచ్ మీద పాతేయొద్దు. వాడు దూరం పోస్ట్ వైపు వింగ్‌లో ఆడితే క్రాస్ అవతలి వింగ్ నుంచి వచ్చేటప్పుడు లోపలికి దూసుకొస్తాడు, ఫుల్‌బ్యాక్‌కి వాడు కనిపించడు. లేదా ఒక గోల్ ముందున్నారు, అవతలివాళ్ళు సమం చేయాలని పైకొచ్చేశారు, 60 నిమిషాలు దాటాయి, డిఫెండర్ల కాళ్ళు బరువెక్కాయి, అప్పుడు వాణ్ణి మధ్యలోకి తీసుకురా, అప్పుడు చూడు వాడి స్పీడ్ విలువ. మీకన్నా గట్టి టీమ్ ఎదురై బాల్ వాళ్ళ దగ్గరే ఉండేట్టయితే మొదట్నుంచీ వాడే నైన్, మొహమాటం వద్దు. అవసరమైతే 4-4-2కి మారి ఇద్దర్నీ పెట్టేయ్, పొడుగోడు తిప్పింది పొట్టోడు అందుకుంటాడు, కాకపోతే మిడ్‌ఫీల్డ్‌లో ఒకడు తగ్గుతాడు, మీరు బాల్ పెట్టుకోవడం కూడా తగ్గుతుంది, అది ముందే ఒప్పుకోవాలి.

సెంటర్ బ్యాక్‌గా నాకు నిద్ర పట్టనిచ్చింది ఎవరు, పట్టనివ్వనిది ఎవరు అంటే, ఎత్తుని బట్టి కాదు. నా ఎదురుగా నిలబడి బాల్ అడిగేవాడితో ఏ ఇబ్బందీ లేదు, ఎంత బలవంతుడైనా కనిపిస్తున్నాడు కదా. నా భుజం వెనక నిలబడేవాడు ప్రాణం తీసేవాడు. బాల్ చూడాలంటే వాడు కనపడడు, వాణ్ణి చూడాలంటే బాల్ కనపడదు, నేను బాల్ వైపు తల తిప్పిన ఆ క్షణంలో కదులుతాడు. హాలండ్ చేసేది చాలావరకు ఇదే, అంత ఒళ్ళు పెట్టుకుని కూడా దాక్కుంటాడు. ఏసీ మిలాన్ స్ట్రైకర్ ఇంజాగీ కెరీర్ మొత్తం ఇదే, 2007 ఏథెన్స్ చాంపియన్స్ లీగ్ ఫైనల్లో లివర్‌పూల్ మీద రెండు కొట్టాడు, మొదటిదైతే పిర్లో కొట్టిన ఫ్రీకిక్ ఇతని ఒంటికి తగిలి లోపలికి పోయింది. అదృష్టం అంటావు, కానీ ప్రతిసారీ అదే చోట ఉండేవాడికి ఎప్పుడో ఒకసారి తగులుతుంది. మీ ఇద్దర్లో ఈ బుద్ధి ఎవరికుందో ప్రాక్టీస్‌లో చూడు, షూటింగ్ ఎంత గట్టిగా కొడుతున్నాడో చూడకు. రీబౌండ్‌కి ఎవడు ముందు కదులుతున్నాడు, బాల్ రాకముందు తల తిప్పి వెనక చూసుకుంటున్నాడా, ఒక అడుగు దూరం వెళ్ళి డిఫెండర్‌ని లాగి మళ్ళీ దగ్గరికి వస్తున్నాడా, ఇవి.

ప్రాక్టీస్ అన్నాను కాబట్టి, లైన్‌లో నిలబడి ఒకరి తర్వాత ఒకరు 20 గజాల నుంచి బాదే డ్రిల్ ఆపేయండి. చూడ్డానికి బాగుంటుంది, మ్యాచ్‌లో అలాంటి షాట్ ఎన్నిసార్లు వస్తుంది? గోల్స్ చాలావరకు బాక్స్ లోపల ఒకటి రెండు టచ్‌లతో పడేవే. పక్కనుంచి కోసిన బాల్, కదులుతూ, మీద డిఫెండర్ ఉండగా, ఒక్క టచ్‌తో, గట్టిగా కాకుండా మూలకి పెట్టడం. అదే చేయించు. పొడుగు అబ్బాయికి ప్రత్యేకంగా ఇంకోటి, వీపు మీద మనిషిని పెట్టి బాల్ ఆపడం. పూర్తిగా వీపు తిప్పి నిలబడితే నెట్టేస్తారు, పక్కకి తిరిగి మోకాళ్ళు వంచి, డిఫెండర్‌కి దూరంగా ఉన్న కాలితో తీసుకుని, చెయ్యి అడ్డంగా చాచి ఉంచాలి, తోయకూడదు, తోస్తే ఫౌల్.

బాల్ పోయినప్పుడు సంగతి కూడా అడగాల్సింది నువ్వు, అడగలేదు. స్లో అబ్బాయిని ముందు పెడితే ప్రెస్ చేయలేడని (బాల్ ఉన్నవాళ్ళ మీదకి వెళ్ళి ఒత్తిడి పెట్టలేడని) భయం ఉంటుంది. అక్కర్లేదు, అన్ని వైపులా కుక్కలా తరమక్కర్లేదు, ఇద్దరు సెంటర్ బ్యాక్‌ల మధ్య పాస్ మూసేలా వంపు తిరిగి పరిగెత్తి బాల్‌ని ఒక వైపుకే తోసేస్తే చాలు, మిగతా పని వింగర్, మిడ్‌ఫీల్డర్ చూసుకుంటారు. స్లో అయినా తెలివున్నవాడు చేయగలడు.

మీ లెఫ్ట్ వింగర్ ఏ కాలివాడో రాయలేదు నువ్వు. కుడికాలి వాడైతే లైన్ దాకా వెళ్ళడు, లోపలికి తిరిగి వేస్తాడు, అప్పుడు బాల్ దూరం పోస్ట్ వైపు వంపు తిరుగుతూ వస్తుంది, పొడుగు అబ్బాయి దగ్గరి పోస్ట్‌కి కాకుండా వెనక్కి జరగాలి. అది చెప్పు, రైట్ బ్యాక్ పైకి వెళ్తాడా లేదా అది కూడా చెప్పు, దాన్ని బట్టి ఎవరు ఎప్పుడు లోపలికి రావాలో బొమ్మ గీసి పెడతా.